కోటబొమ్మాళి దెబ్బలు

"ఇప్పుడే రెండు దెబ్బలు తిని కూచున్నాను నాన్నా. ఇంక రాత్రికి అన్నం కూడా అక్కర్లేదు."

కూతురు ఫోనులో ఈ మాట అనేసరికి భావనారాయణ గారు గరివిడిలో తమ ఇంటి వరండాలో కూర్చుని వయొలిన్ తంతి బిగిస్తున్నారు. బిగిస్తున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఏం తిన్నావమ్మా?"

"దెబ్బలు నాన్నా. అత్తయ్య దగ్గరుండి తినిపించారు. ఒక్కటి చాలంటే వినరు. మొదట్లో కళ్ళమ్మట నీళ్ళు కారిపోయేవి. ఇప్పుడు అలవాటైపోయింది."

"మరి... అల్లుడు గారు చూస్తూ ఊరుకుంటున్నారా?"

"ఊరుకోవడమా? ఆయనుంటే మూడు!" అని విశాలి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు.

విశాలికి పెళ్ళై ఏడాది కాలేదు. అల్లుడు హరిచరణ్ కోటబొమ్మాళిలో బడిపంతులు, లెక్కలు చెబుతాడు. పెళ్ళిచూపులనాడు తలెత్తి మాట్లాడ్డానికే సిగ్గుపడ్డ మనిషి. అతని తల్లి లక్ష్మీనరసమ్మ గారు ధాటీగా మాట్లాడే మనిషే గానీ, ఎదుటివాళ్ళ ఆకలి కనిపెట్టగలిగిన మనిషనిపించింది. అటువంటి ఇంట్లో దెబ్బలేమిటి? అందులోనూ అది చెబుతూ పిల్ల నవ్వడమేమిటి?

భావనారాయణ గారి వంశంలో ఎవరూ ఎవరినీ కొట్టి ఎరగరు. తాతల కాలంనుంచీ గుడిలో పాట సేవ, ఆపైన పదిమందికీ పాఠం చెప్పడం, అంతే. శిష్యులు అపస్వరం పలికిస్తే ఆయన కళ్ళు మూసుకునేవారు. అదే ఆయన వేసే పెద్ద శిక్ష.

ఇక్కడ దెబ్బ సంగతి కాస్త చెప్పుకోవాలి. చెప్పకపోతే ఆయన పడ్డ బాధ మనకి తెలియదు.

కోటబొమ్మాళి సంత వీధి మొదట్లో ధర్మేంద్ర అనే అతని బండి ఉంది. అతను కుర్రతనంలో పని వెతుక్కుంటూ గుజరాత్ పోయి, కచ్ వైపు ఒక ఓడరేవులో మూటలు దించాడు. అక్కడివాళ్ళు సాయంత్రమైతే బన్ను మధ్యకి కోసి, మసాలా వేసిన బంగాళాదుంప ముద్ద లోపల పెట్టి, వేరుశనగ గుళ్ళూ దానిమ్మ గింజలూ కూరి, తియ్యటి చింతపండు పచ్చడి రాసి, పెనం మీద వెన్నతో నొక్కి కాలుస్తారు. దాని పేరు దబేలి. అంటే నొక్కినది అని. ధర్మేంద్ర మూటలు దించడం మానేసి ఆ బండివాడి దగ్గర చేరాడు. పని నేర్చుకుని సొంతూరు వచ్చేశాడు. దానిమ్మ గింజలు దొరకని రోజుల్లో పలాస జీడిపప్పు ముక్కలు వేశాడు. కారం మన నోటికి తగ్గట్టు పెంచాడు. బండికి 'దబేలి' అని పేరు కూడా రాయించాడు. కానీ ఆ పేరు ఊరివాళ్ళ నోట్లో పడి ముందు దబ్బేలి, తరవాత దెబ్బేలి, ఆఖరికి దెబ్బ అయి ఊరుకుంది. ఒకటైతే దెబ్బ, రెండైతే దెబ్బలు.

దబేలి అంటే బొంబాయిలో తెలుసు, హైదరాబాదులో తెలుసు, విశాఖపట్నంలో తెలుసు. దెబ్బ మాత్రం ఇటు తిలారు, అటు నౌపడ, ఆ మధ్యన తెలుసు. టెక్కలిలో మాక్కూడా తెలుసని కొందరంటారు గానీ నమ్మడానికి లేదు. అయితే ఆ తిలారుకీ నౌపడకీ మధ్య ఉన్నవాళ్ళకి, దెబ్బ తెలియని మనిషి లోకంలో ఉంటాడన్న అనుమానం కలలో కూడా రాదు. నీళ్ళంటే తెలియనివాడు ఉంటాడా? ఇదీ అంతే. కాపరానికెళ్ళిన నాలుగు నెలలకే విశాలికి కూడా ఆ అమాయకత్వం అంటుకుంది.

భావనారాయణ గారు లోపలికెళ్ళి భార్య జగదీశ్వరితో సంగతి చెప్పారు. ఆవిడ వంటింట్లో పోపు వేస్తోంది. పోపు మాడిపోయింది.

"నవ్వుతూ చెప్పిందా?" అంది.

"నవ్వింది."

"అయితే పక్కన ఎవరో ఉన్నారు. ఆవిడకే చెయ్యండి ఫోను. లక్ష్మీనరసమ్మకి. నిలదీసి అడగండి."

నిలదీసి అడగడం భావనారాయణ గారికి చేతకాదు. అయినా చేశారు.

"అన్నయ్యగారూ! బాగున్నారా? వదినగారు బాగుందా?" అని అవతల గొంతు ఖంగుమంది.

"బాగున్నాం చెల్లెమ్మగారూ. అమ్మాయి ఏదో... దెబ్బల గురించి చెప్పింది."

"సెప్పిందా! మీరేటీ బెంగెట్టుకోకండి. దెబ్బలకి లోటు సెయ్యను. అది మీ కూతురే కాదు, నా కూతురు కూడానూ. సాయంత్రం అయ్యేసరికి పడాల్సిందే. నాకు ఓపిక నేకపోతే అబ్బాయికి సెప్తాను, ఆడు సూసుకుంతాడు."

"రోజూనా?" అన్నారు ఆయన.

"రోజూ అంటే మంగళవారం ఉండదు. ఆ వొక్కరోజూ పిల్ల మొకం సూడలేం, ఏటో పోగొట్టుకున్నట్టుంటాది."

ఫోను పెట్టేసి భావనారాయణ గారు స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డారు. "మంగళవారం కొట్టరట" అని మాత్రం అన్నారు.

జగదీశ్వరి ఏడవలేదు. సంచీ తీసి అందులో నొప్పుల మందు సీసా, దూది, గుడ్డ పట్టీలు, పసుపు పొట్లం, ఒక చీర పెట్టింది. "మాటలొద్దు. కొట్లాట వద్దు. మీకు రాదు కూడాను. పిల్లని తీసుకుని తిరుగు బండి ఎక్కెయ్యండి" అంది.

మర్నాడు మధ్యాహ్నం ప్యాసింజరు ఎక్కారు. దారి పొడుగునా కిటికీ దగ్గర కూర్చుని, వియ్యపురాలితో ఏమనాలో గొణుక్కున్నారు. 'చెల్లెమ్మగారూ, మా పిల్లని మేం పువ్వులా పెంచాం' అని మొదలెడితే మరీ నాటకంలా ఉంది. 'చట్టం అనేది ఒకటుంది' అంటే ఆయన గొంతుకి నప్పలేదు. సిగడాం దాటింది, ఆమదాలవలస దాటింది. మాట కుదర్లేదు.

తిలారులో కూర్మయ్య అనే రైతు వంకాయల గంపతో ఎక్కి ఎదురుగా కూర్చున్నాడు. పలకరించకుండా ఉండలేని మనిషి.

"ఏ ఊరెల్తన్నారు బాబూ?"

"కోటబొమ్మాళి. అమ్మాయినిచ్చాం."

"మా ఊరే! అయితే రెండు దెబ్బలు తినీసే వస్తారన్నమాట" అన్నాడు కూర్మయ్య ఆప్యాయంగా.

భావనారాయణ గారు కిటికీ వైపు కాస్త జరిగారు. "మీ ఊళ్ళో... అందరిళ్ళలోనూ ఇలాగేనా?"

"ఏలాగ బాబూ?"

"అదే, దెబ్బలు. ఆడపిల్లలకి."

"ఆడోళ్ళు, మొగోళ్ళు అని నేదు బాబూ. మా అమ్మ ముసిల్దుంది. నోట్లో పన్ను నేదు. అయినా ఒగ్గదు. సంతకెల్లి నాను ఉత్తి సేతుల్తో వొచ్చేననుకోండి, గుమ్మంలో కూకుని ఏడుస్తాది. అందరూ తింతన్నారు, నాకొక్కదానికీ దెబ్బ నేదేటిరా అని."

"పెద్దావిడే అడుగుతుందా!"

"అడగదేటి మరి? ఎంత వొయసొస్తే అంత యావ."

"చిన్నపిల్లలు?" భావనారాయణ గారి గొంతు కీచుగా వచ్చింది.

"ఆల్లకి కారం నేకుండా."

కారం! పూర్వం వీధి బళ్ళలో మొండి పిల్లల కళ్ళల్లో కారం కొట్టేవారని ఆయన తన తాతగారి నోట విన్నారు. అది ఇంకా సాగుతోందన్నమాట. పెద్దవాళ్ళకైతే కారంతో సహా. ఆయన సంచీ తడుముకుని నొప్పుల మందు ఉందో లేదో చూసుకున్నారు. ఉంది గానీ, కారానికి అది పనికొస్తుందని నమ్మకం కలగలేదు.

కోటబొమ్మాళి స్టేషనులో దిగాక ఆయన ఒక నిర్ణయానికొచ్చారు. జగదీశ్వరి కొట్లాట వద్దంది గానీ, పోలీసులు వద్దనలేదు. ఆటో అతనితో, "పోలీసు స్టేషనుకి పోనీ నాయనా" అన్నారు.

ఆటో నడిపే దాలయ్య వెనక్కి తిరిగి చూశాడు. "స్టేషనికేటికండీ?"

"దెబ్బల విషయం మాట్లాడాలి."

"దెబ్బలకి స్టేషనేటికండీ! సంత ఈదికి పదండి. స్టేషనోల్లు కూడా అక్కడికే వొస్తారు. అద్గో, మాటల్లోనే" అని దాలయ్య ఆటో పక్కకి ఆపాడు. ఖాకీ బట్టల్లో ఉన్న కానిస్టేబులు ఒకాయన జేబురుమాలుతో మూతి తుడుచుకుంటూ నడిచొస్తున్నాడు. మంచి పుష్టిగా, కళ్ళు ఎర్రగా, చెమట పట్టి ఉన్నాడు.

"ఈ బాబు దెబ్బల గురించి ఏటో సెప్తారంట" అన్నాడు దాలయ్య.

భావనారాయణ గారు ఆటోలోంచే చేతులు జోడించారు. "అయ్యా, ఫిర్యాదు చేద్దామని..."

"ఫిర్యాదా? సెయ్యండి, సెయ్యండి. నానూ సేసేను" అన్నాడు కానిస్టేబులు. "నిన్న నాకు సరిగ్గా పడనేదు. పేనానికి సుకం నేదు. ఇలాగైతే నానింక రానని ధర్మేంద్రకి మొకం మీదే సెప్పేసేను. ఇవాళ వేసేడు సూడండి, సెవులు గుయ్యిమన్నాయి."

"ధర్మేంద్ర ఎవరండీ?"

"దెబ్బలేసేవోడు."

"ఊరికంతటికీ అతనొక్కడేనా?"

"వొక్కడే. వేరేవోల్లు మొదలెట్టేరు గాని నిలవనేదండీ. ఆడి సెయ్యి అలాటిది."

పోలీసులే వెళ్ళి కొట్టించుకుని వచ్చే ఊళ్ళో ఫిర్యాదు ఎవరికి చేసుకోవాలి? భావనారాయణ గారు వియ్యపురాలి ఇంటి గుర్తు చెప్పి, కళ్ళు మూసుకుని కూర్చున్నారు.

లక్ష్మీనరసమ్మ గారు గుమ్మంలోనే ఎదురొచ్చింది. కాళ్ళకి నీళ్ళిచ్చింది, మంచం వాల్చింది, ఫ్యాను ఆయన వైపు తిప్పింది. "ఒసే విశాలీ, మీ నాన్నొచ్చేరు" అని కేక పెట్టింది.

విశాలి లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది. భావనారాయణ గారు ముందు పిల్ల చెంపలు చూశారు. కమిలిన గుర్తు లేదు. చేతులు చూశారు. గాజులు సరిగానే ఉన్నాయి. పిల్ల కాస్త ఒళ్ళు చేసింది కూడా. కానీ గడ్డం మీద ఎర్రగా ఏదో మరక. కళ్ళల్లో పల్చటి నీటి పొర. ముక్కు చీదుతోంది.

"ఇప్పుడే పడ్డాయా అమ్మా?" అని గుసగుసగా అడిగారు.

"ఇప్పుడే నాన్నా. నువ్వొస్తావని తెలిస్తే ఆగేదాన్ని. ఇద్దరం కలిసి తినేవాళ్ళం."

ఆ మాటతో రైల్లో కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. లేచి నిలబడ్డారు. జీవితంలో మొదటిసారి గొంతు పెంచారు. పెంచినా అది మామూలు మనుషులు మాట్లాడేంతే ఉంది.

"చెల్లెమ్మగారూ! ఇకమీదట మా అమ్మాయి తినాల్సిన దెబ్బలన్నీ నేను తింటాను. ఇవాళవీ, రేపటివీ, అన్నీ. అమ్మాయిని వదిలెయ్యండి."

లక్ష్మీనరసమ్మ గారు నోరు తెరుచుకుని చూసింది. తరవాత కోడలి వైపు చూసింది. "అన్నీ మీరే తినేస్తే పిల్లేటి తింటాదండీ?" అంది.

"దానికేమీ వద్దు."

"ఏటే విశాలీ, మీ నాన్నకి ఇంత ఇట్టమని వొక్కనాడైనా సెప్పేవా? ఎంత మొగమాటపడితే మనిషి ఇంత దూరం ఇలాగొస్తాడు!" ఆవిడ కళ్ళు చెమర్చాయి. "పదండి అన్నయ్యగారూ. ఇక్కడికి తెప్పిస్తే సల్లారిపోతాయి. దెబ్బంటే అక్కడ నిలబడి తినాలి."

ముగ్గురూ సంత వీధికి నడిచారు. బడి వదిలిపెట్టినట్టున్నారు, దారిలో హరిచరణ్ కూడా కలిశాడు. మామగారికి వంగి దణ్ణం పెట్టాడు. 'ఈ చేత్తోనే' అనుకున్నారు ఆయన.

ధర్మేంద్ర బండి చుట్టూ మనుషులు మూగి ఉన్నారు. మనిషి నల్లగా, పొడుగ్గా, మోచేతులదాకా కండలు తిరిగి ఉన్నాడు. చేతిలో ఇనప అట్లకాడ.

"ఒరే ధర్మేంద్రా! మా వియ్యపాయన గరివిడినుంచి కేవలం నీ దెబ్బ కోసమొచ్చేరురా. మంచిగా వెయ్యి" అంది లక్ష్మీనరసమ్మ గారు.

గుంపు పక్కకి తప్పుకుంది. గరివిడినుంచట, గరివిడినుంచట అని వెనక్కి మాట పాకింది. ఎవరో ప్లాస్టిక్ స్టూలు తెచ్చి వేశారు.

"కొత్తోరు కదండీ, మెత్తగా వెయ్యమంతారా, ఘాటుగానా?" అని ధర్మేంద్ర మర్యాదగా అడిగాడు.

"నీ ఇష్టం నాయనా" అన్నారు భావనారాయణ గారు. కళ్ళజోడు తీసి కూతురికిచ్చారు. చేతి గడియారం విప్పి ఇచ్చారు. కండువా మడిచి ఇచ్చారు. "నాన్నా, ఇవన్నీ ఎందుకు తీస్తున్నావు?" అని విశాలి అడిగితే, "ఉంచమ్మా" అన్నారు. కళ్ళు మూసుకుని, స్టూలు మీద నిటారుగా కూర్చుని, లోపల్లోపల కూర్మనాథుణ్ణి తలుచుకున్నారు.

చుయ్యిమని చప్పుడు వినిపించింది. వెన్న కాలుతున్న వాసన. ఇనుము కాలుస్తున్నారన్నమాట. ఉత్త దెబ్బ కాదు, వాత. ఆయన పళ్ళు బిగించారు.

"రెండువేపులా నొక్కరా, పెద్దోరు" అని ఎవరో సలహా ఇచ్చారు.

"సెయ్యి సాపండి బాబూ."

చేతి మీదన్నమాట. వయొలిన్ పట్టే ఎడమ చెయ్యి కాకుండా కుడి చెయ్యి చాపబోయి, కమాను పట్టేది అదేనని గుర్తొచ్చి, మళ్ళీ ఎడమది చాపి, మళ్ళీ కుడిది చాపారు. అరచేతిలో వేడిగా పడింది. ఉలిక్కిపడ్డారు. కానీ ఆ వేడి మెత్తగా ఉంది. పైగా కాయితంలో చుట్టి ఉంది.

కళ్ళు తెరిచారు. కళ్ళజోడు లేదు గనక ఏదో గుండ్రంగా, బంగారు రంగులో కనిపించింది. చుట్టూ ఊరంతా ఊపిరి బిగబట్టి ఆయన నోటి వైపే చూస్తోంది.

"ఇదేమిటి?" అన్నారు.

"దెబ్బండీ" అన్నాడు ధర్మేంద్ర.

"ఇది బన్ను."

"బన్నులోన దెబ్బండీ."

ఆయన కూతురి వైపు చూశారు, అల్లుడి వైపు చూశారు, వియ్యపురాలి వైపు చూశారు. తరవాత ఒక్క కొరుకు కొరికారు. వెన్న, పులుపు, తీపి, పంటికింద పల్లీ, దాని వెనకాల చెవుల్లోంచి పొగలొచ్చేంత కారం. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారిపోయాయి. ఆయన తుడుచుకోలేదు. ఆపకుండా తిన్నారు, ఆపకుండా ఏడ్చారు. జనం తృప్తిగా తలలూపారు.

"కారం ఎక్కువైందా మావయ్యగారూ?" అని హరిచరణ్ గాభరాపడ్డాడు.

"లేదు నాయనా. చాలా బాగుంది. ఇంకోటి వెయ్యమను. నువ్వూ తిను. నువ్వు చాలా మంచివాడివి" అని భావనారాయణ గారు అల్లుడి భుజం మీద చెయ్యి వేశారు. హరిచరణ్‌కి కారానికీ తన మంచితనానికీ సంబంధం ఏమిటో అర్థం కాలేదు గానీ సంతోషించాడు.

ఇంటికెళ్ళాక విశాలి తండ్రి సంచీ సర్దబోయి, నొప్పుల మందూ దూదీ పట్టీలూ బయటికి తీసింది. కాసేపు వాటినీ తండ్రినీ మార్చి మార్చి చూసింది. నిన్నటి ఫోను గుర్తొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది. నవ్వి నవ్వి వచ్చాక ఆయన పక్కన కూర్చుని, ఏమీ అడక్కుండా ఆయన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. "అత్తయ్యకి చెప్పకు" అన్నారు ఆయన. "చెప్పను" అంది.

కథ ఇక్కడితో ఆగాల్సింది. కానీ తిరుగు బండి ఎక్కేముందు ధర్మేంద్ర స్టేషనుకి వచ్చాడు. వట్టి చేతుల్తో కాదు, దారిలో తినమని పొట్లం కట్టి తెచ్చాడు. కాసేపు నసిగి, ఆఖరికి మనసులో మాట అడిగాడు.

"బాబూ, మీరు పెద్దోరు, అబద్దమాడరు. మా దెబ్బ మీ గరివిడి దాకా తెలుసాండీ?"

ఆ మొహంలో ఆశ చూసి, అంతకుముందు ఆ చేతిని ఏమనుకున్నారో తలుచుకుని, భావనారాయణ గారికి నిజం చెప్పబుద్ధి కాలేదు. "దెబ్బలంటే మా ఊళ్ళో తెలియనిదెవరికి!" అన్నారు. మాట వరసకి అబద్ధం కూడా కాదు.

ఇంటికొచ్చి జగదీశ్వరికి మొత్తం చెప్పి, పొట్లం విప్పి పెట్టారు. ఆవిడ తింది. రెండోది కూడా తిని, "పిల్లకి మంగళవారం కూడా ఉంటే బాగుండును" అంది.

పది రోజులు తిరక్కుండా ధర్మేంద్ర గరివిడిలో దిగాడు. ట్రాలీ ఆటో మీద కొత్త బండి, దాని పక్కన పెనం పట్టుకుని బావమరిది చినబాబు. అందరికీ తెలిసిన ఊళ్ళో కొట్టు పెట్టడం తేలికని వాళ్ళ ధీమా. తెలిసిన మనిషి ఒక్కరే గనక భావనారాయణ గారి గేటు పక్కనే పెట్టుకుంటామన్నారు. ఆయన కాదనలేకపోయారు. గేటుకి 'ఇచ్చట వయొలిన్, గాత్రము నేర్పబడును' అని పాత బోర్డు ఉంది. దాని పక్కనే చినబాబు కొత్త బోర్డు కట్టాడు. 'ఇచ్చట వేడి వేడి దెబ్బలు లభించును.'

బండి అతనికి అప్పజెప్పి ధర్మేంద్ర కోటబొమ్మాళి తిరిగి వెళ్ళాడు. మొదటి రోజుల్లో ఎవరూ రాలేదు. ఊళ్ళోని ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు బోర్డు చదివి, చినబాబు కండలు చూసి, రోడ్డుకి అవతలి వైపునుంచి వెళ్ళిపోయేవారు. చినబాబు అట్లకాడ ఊపుతూ రమ్మని పిలిస్తే అడుగు వేగం పెంచేవారు. అదేమిటో చెబుదామని భావనారాయణ గారు గేటు దగ్గర నిలబడితే, ఆయన గొంతు రోడ్డు దాటేది కాదు.

మార్పు మరో వైపునుంచి వచ్చింది. ఇన్నాళ్ళూ మాస్టారి దగ్గర భయం లేదని పిల్లల్ని వేరే చోట్లకి పంపిన తల్లిదండ్రులు ఒక్కొక్కరే రావడం మొదలెట్టారు. "మాస్టారూ, మీరిలా మారతారనుకోలేదు. మావాడికి పాఠం సంగతెలా ఉన్నా, రోజూ రెండు తినిపించండి" అన్నారు. ఆయన తినిపించారు. పిల్లలు పాఠానికి గంట ముందే వచ్చి కూర్చునేవారు. ఇంటికెళ్ళి ఏం జరిగిందో చెప్పేవారు కాదు. చెబితే మాన్పిస్తారని వాళ్ళ భయం. నెల తిరిగేసరికి వరండా చాలక పెరట్లో చాపలు వేయాల్సొచ్చింది. జగదీశ్వరి శ్రుతిపెట్టె ఇంకోటి కొనిపించింది.

ఒక సాయంత్రం ఫ్యాక్టరీ క్వార్టర్సునుంచి ఈశ్వరి అనే ఆవిడ మొగుడు గోవింద్‌ని చొక్కా పట్టుకుని బండి దగ్గరికి లాక్కొచ్చింది. వానాకాలం ముంచుకొస్తున్నా పైకప్పు రేకు మార్చలేదని ఆవిడ కోపం.

"ఈయనకి రెండు వెయ్యండి. ఘాటుగా" అంది చినబాబుతో. వేస్తుంటే చూడ్డానికి మనసొప్పక మొహం తిప్పుకుని నిలబడింది.

గోవింద్ తల వంచుకుని స్టూలు మీద కూర్చున్నాడు. వేసినవి తిన్నాడు. కళ్ళనిండా నీళ్ళతో లేచాడు. పెళ్ళాం వెనకాలే ఒక్క మాటైనా ఎత్తకుండా నడిచి వెళ్ళాడు. ఆ మర్నాడే నిచ్చెన వేసి రేకు మార్చాడని చుట్టుపక్కల చెప్పుకున్నారు. ఈశ్వరి జాలిపడి ఆ రాత్రి చేపల పులుసు వండిందట.

రెండు రోజులు పోయాక గోవింద్ ఒక్కడే వచ్చాడు. "కరెంటు బిల్లు కట్టడం మర్సిపోనాను. తప్పు నాదే. రెండు వెయ్యి" అన్నాడు. తరవాత అత్తగారిని ఏదో అన్నానని వచ్చాడు. ఆ తరవాత సైకిలు తాళం పోగొట్టానని వచ్చాడు. అతన్ని చూసి షిఫ్టులో మిగతావాళ్ళు కూడా ఒకరి వెనక ఒకరు ఏదో ఒక తప్పు ఒప్పుకుంటూ వచ్చి, వరసలో నిలబడ్డారు. చినబాబు ఎవరి తప్పూ అడిగేవాడు కాదు. వాళ్ళంతట వాళ్ళే చెప్పేవారు, చెప్పాకే చెయ్యి చాపేవారు. ఈ ఊరి పద్ధతి ఇంతే కాబోలనుకుని అతను శ్రద్ధగా వినేవాడు.

ధర్మేంద్ర ఒకసారి వచ్చి ఆ వరస చూసి భావనారాయణ గారి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. "మీరు సెప్పింది నిజమే బాబూ. మా ఊళ్ళో ఆకలికి తింతారు గాని, ఇలాగ బక్తితో తిన్నోల్లని సూల్లేదు" అన్నాడు.

శ్రావణంలో ఒకనాడు వాన వెలిశాక, వరసలో మగవాళ్ళ మధ్యన ఈశ్వరి నిలబడి ఉంది. చీర కొంగు నిండుగా కప్పుకుంది. పిల్లలకి పాఠం అయిపోయి భావనారాయణ గారు గేటు వేయడానికి వచ్చి ఆవిణ్ణి చూశారు.

"ఏమ్మా, గోవింద్ రాలేదా?"

"ఆయన ఇంటికాడున్నాడు మాస్టారూ." ఈశ్వరి అటూ ఇటూ చూసి, పెనం మీది వెన్న వాసనకి గుటక వేసి, గొంతు తగ్గించింది. "రోజూ ఆయన్నే తప్పులన్నీ వొప్పుకోమంటే ఎలాగండీ. ఇవాళ తప్పు నాది."